ఖాళీ గొలుసు

మా ఆవిడ కుక్క వద్దని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. అలిగి, రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూటకి ఎలాగో సాధించుకునేవాణ్ణి. ఆ విద్యలో నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఆవిడ మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "నెలకి ఎంతవుతుందండీ?" అని అడిగింది. అక్కడ దొరికిపోయాను.

"ఎంతవుతుందేంటి? మనం తినేదాంట్లో ఒక ముద్ద పడేస్తే సరి."

"ముద్ద బరువెంత?"

ఇదీ మా ఇంట్లో వరస. ఆవిడ ఆస్పత్రిలో స్టోర్ కీపరు. దూది ఉండ దగ్గర్నుంచి సెలైన్ సీసా దాకా ఏదైనా ఆవిడ చేతి మీదుగా రావాలి, ఆవిడ చేతి మీదుగా పోవాలి. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా స్టోరమ్మా అని పిలిచి, తలుపు బయటే నిలబడి అడుగుతారు. నేను రెండు కుర్చీల సెలూన్ నడుపుతాను. నా చేతికి ఎముక లేదని పేరు. క్షవరానికి వచ్చినవాడికి టీ, వాడి వెంట ఊరికే వచ్చినవాడికి కూడా టీ. సాయంత్రానికి గల్లాపెట్టెలో డబ్బు కంటే బల్ల మీద గ్లాసులే ఎక్కువ కనిపిస్తాయి.

కుక్క బన్ను. పక్కనున్న బేకరీ పెద్దాయనది. కాలిన బన్ను రంగులో ఉంటుందని ఆ పేరు. మధ్యాహ్నం పొయ్యి వేడి తట్టుకోలేక నా సెలూన్‌లోకి వచ్చి, ఫ్యాను కింద రాలిన జుట్టు మీదే పడుకునేది. సాయంత్రం లేచి వెళ్లేటప్పుడు దాని ఒంటి మీద పదిమంది జుట్టు ఉండేది. నేను కత్తెర ఆపితే ఒక కన్ను తెరిచి చూసేది, మళ్లీ కత్తెర చప్పుడు వినిపిస్తే మూసుకునేది. నా పనికి అంత శ్రద్ధగా హాజరైనవాళ్లు ఇంకొకరు లేరు.

ఆ ఏడు మొదటి వాన పడిన రోజున బేకరీ పెద్దాయన గడ్డం గీయించుకుంటూ చెప్పాడు. "ఈ వానలు వెళ్లేసరికి కొట్టు మూసేస్తా. ఇంకో మూడు నెలలు. పొయ్యి ముందు నిలబడే ఓపిక లేదు. చెల్లెలి దగ్గరికి పోతున్నా."

"మరి బన్ను?"

"వాళ్ల బిల్డింగులో కుక్కల్ని ఉండనివ్వరు." ఆయన అద్దంలో నన్ను కాక, నేలమీద పడుకున్న దాన్ని చూస్తున్నాడు. "కోళ్లఫారం వాడు కాపలాకి అడుగుతున్నాడు. గేటు దగ్గర కట్టేసి ఉంచుతాడట. పగలూ రాత్రీ."

మిగతా సగం గడ్డం గీసేలోపే నేను నిర్ణయానికి వచ్చేశాను. ఇంట్లో చెప్పాక, ముద్ద బరువు దగ్గర ఆగిపోయాను.

మర్నాడు సాయంత్రం ఆవిడ సంచిలోంచి ఒక అట్టకార్డు తీసింది. స్టోర్‌లో ప్రతి సరుకు పక్కనా అలాంటి కార్డు ఒకటి వేలాడుతుంది. దాని మీద మూడు గడులు: వచ్చింది, ఇచ్చింది, ఉన్నది. ఎంత వచ్చింది, ఎంత బయటికి ఇచ్చారు, ఎంత మిగిలింది. అంతే. ఆవిడ ఆ వైపు ఏమీ రాయకుండా కార్డు తిప్పి, వెనక పెన్సిలుతో రాసింది. మధ్యాహ్నం భోజనం మానుకుని పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేసి అన్నీ అడిగిందట.

"తిండి రోజుకి అరవై, నెలకి పద్దెనిమిది వందలు. టీకాలు, ఏడాది ఖర్చుని పన్నెండు భాగాలు చేస్తే మూడొందలు. నట్టల మందు, పిడుదుల మందు నూట యాభై. మనం ఊరెళ్తే చూసుకునేవాళ్లకి రెండొందలు పక్కన పెట్టాలి. తెలియని ఖర్చు ఐదొందలు."

"తెలియని ఖర్చు ఐదొందలని నీకెలా తెలుసు?"

"తెలియదని తెలుసు కదా. అందుకే రాశా." పెన్సిలు ఆగలేదు. "చివరి ఖర్చు, నెలకి యాభై."

"చివరిదంటే?"

మా అమ్మాయి చెప్పింది. దానికి పద్నాలుగేళ్లు, అమ్మ పోలిక. "చనిపోయినప్పటిది నాన్నా."

నాకు ఒళ్లు మండింది. "అది ఇంకా గడప తొక్కలేదు. అప్పుడే పాడె కడుతున్నావా?"

"మనకంటే ముందే పోతుందండీ అది. ఆ రోజు పక్కన కూర్చోవాలి. డబ్బులకి తిరుగుతూ ఉండకూడదు," అని కూడి, కింద మూడు వేలు అని గీత గీసింది. "అంటే రోజుకి వంద. మీ వాటా యాభై, నా వాటా యాభై. రేపట్నుంచి తొంభై రోజులు, కుక్క ఉన్నట్టే ఈ డబ్బాలో వేద్దాం. తొంభై రోజులు వెయ్యగలిగితే తెచ్చుకుందాం. ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి."

నాకు నవ్వొచ్చింది. టీలు ఆపితే యాభై నాకొక లెక్కా. అంతలో ఆవిడ ఒక గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. మామూలు ఇనప గొలుసు, కొసన కొక్కెం.

"రోజూ పొద్దున్నే ఐదున్నరకి ముప్పావుగంట తిప్పాలి దాన్ని."

"ఆ టైముకి బన్ను బేకరీలో ఉంటుంది కదా, ఆయన పిండి కలుపుతుంటాడు."

"బన్ను లేకుండానే."

"ఖాళీ గొలుసు పట్టుకునా?"

"కుక్కతో నడిస్తే సరదాగానే ఉంటుంది. ఆ సరదా తీరిపోయాక మీ కాళ్లు లేస్తాయో లేదో చూడాలి."

నేను గోడవైపు చూశాను. అక్కడ నేను ముచ్చటపడి కొన్న వ్యాయామం సైకిలు ఉంది. దాని మీద మూడేళ్లుగా తువ్వాళ్లు ఆరేస్తున్నాం. అటకమీద చేపల తొట్టె ఉంది, అందులో ఉల్లిపాయలు ఉన్నాయి. గొలుసు అందుకున్నాను.

అలా ఆ వానల్లో నేను కుక్క లేని గొలుసు పట్టుకుని వీధులు తిరిగాను. మొదటి రోజు గొలుసు జేబులో కుక్కుకున్నాను. మేడ మీంచి మా అమ్మాయి, "నాన్నా, కుక్కని జేబులో పెట్టుకోరు," అంది. బయటికి తీశాను. పాలవాడు సైకిలు దిగి మరీ చూశాడు. మూలమీది ఇంటి ముసలావిడ మూడో రోజు ఆపి, "మీ కుక్క పారిపోయింది నాయనా," అని జాలిపడింది. "లేదమ్మా, ఇంకా రాలేదు," అన్నాను. ఆవిడ ఇంకా ఎక్కువ జాలిపడింది. వారం తిరిగేసరికి నాకు గాలికుక్క అని పేరొచ్చింది. సెలూన్‌కి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చునే ముందు, "ఇక్కడ పడుకుని లేదు కదా," అని వంగి చూసేవాళ్లు. టీ తెప్పించడం మానేశాను కదా, ఆ కసి అంతా ఇలా తీర్చుకున్నారు.

కానీ నడిచాను. జోరువానలో గొడుగు ఒక చేత్తో, గొలుసు ఒక చేత్తో. జలుబు చేసిన రోజున కూడా నడిచాను. ఎవరూ చూడని సందులో రెండుసార్లు దాంతో మాట్లాడాను కూడా, అబద్ధమెందుకు. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ డబ్బా తెరిచి లెక్కపెట్టి, క్యాలెండర్‌లో చుక్క పెట్టేది. నలభై చుక్కలు పడ్డాయి.

నలభై ఒకటో రోజున పప్పులో కాలేశాను.

బజారులో ఒక కొట్టు కొత్తగా తెరిచారు. అద్దాల వెనక తోలు బెల్టు, దానికి ఇత్తడి గంట. పక్కనే కుక్కలకని కుట్టిన దూది పరుపు, నీలం రంగుది. ఆ పరుపు మీద బన్ను పడుకున్నట్టు, గంట చప్పుడు చేసుకుంటూ మా మెట్లెక్కుతున్నట్టు నాకు కళ్లకి కట్టింది. ఇంటికెళ్లి డబ్బా తీశాను. నలభై రోజులు బుద్ధిగా ఉన్నందుకు నాకే ఒక బహుమానం ఇచ్చుకున్నట్టు అనిపించింది. తెచ్చి హాలులో పరిచి, గంట పైకి కనబడేలా పెట్టి, ఆవిడ వచ్చే టైముకి గుమ్మంలో నిలబడ్డాను.

ఆవిడ చెప్పులు విప్పింది. పరుపు చూసింది. లోపలికెళ్లి డబ్బా లెక్కపెట్టింది.

"పద్నాలుగు వందలు తక్కువ."

"కుక్క డబ్బుతో కుక్కకే కొన్నా. నాకోసం ఏమన్నా కొనుక్కున్నానా?"

"మీకోసమే కొన్నారు. గంట కావాలని బన్ను అడిగిందా?" గొంతు పెంచలేదు. అదే నాకు మంట. "ఇందులో ఇరవై మూడు రోజుల తిండి ఉందండీ. గంట తిని బతుకుతుందా అది?"

క్యాలెండర్ దగ్గరికెళ్లి, ఆ రోజు గడిలో చుక్క పెట్టకుండా వచ్చింది. "రేపు ఒకటో రోజు."

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. బేకరీ మూసేనాటికి మాకు యాభయ్యో రోజు కూడా రాదు. ఆ లెక్క నాకూ తెలుసు. కోళ్లఫారం గేటు కళ్లముందు కనిపించింది, దానికి కట్టిన గొలుసు కూడా.

అప్పుడు ఒక మాట అన్నాను. "గుండె ఉండాల్సిన చోట నీకు రిజిస్టరు ఉంది," అన్నాను. ఆవిడ కంచాలు తీసి సర్దింది. అన్నం పెట్టింది. నేను తినలేదు. ఈసారి అలక ఎవరూ పట్టించుకోలేదు.

అయినా మర్నాడు ఐదున్నరకి లేచాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. కాళ్లకి అలవాటైపోయింది, అంతే. సెలవు రోజున మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లి గడ్డాలు గీసి, పద్నాలుగు వందలు మూడు వారాల్లో తిరిగి డబ్బాలో వేశాను. నోటితో ఒప్పుకోవడం రాక చేత్తో ఒప్పుకున్నాను. మా మధ్య మాటలు మాత్రం ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతవరకే.

ఆ రోజుల్లోనే బస్సు డ్రైవరు క్షవరానికి వచ్చాడు. ఆస్పత్రి రూటు వాడిదే, పదేళ్ల నుంచి నా కుర్చీ. సగం తల అయ్యాక అడిగాడు. "మీ ఆవిడకి డ్యూటీ మారిందా అన్నా? రెండు నెలలైంది నా బస్సులో చూసి."

"లేదే. పొద్దున్నే పోతుందిగా. స్టాకు లెక్కలున్నాయని గంట ముందే పోతోంది."

"మరి నా బస్సెక్కట్లేదే. మొన్న వానలో వంతెన మీద కనిపించింది. హారన్ కొట్టి ఆపాను కూడా. వద్దు, నడక మంచిదంది."

కత్తెర ఆగిపోయింది. ఫ్యాను కింద బన్ను ఒక కన్ను తెరిచింది.

పోను పాతిక, రాను పాతిక. యాభై. ఆవిడ వాటా జీతంలోంచి వస్తోందనుకున్నాను నేను. ఆ జీతంలో అద్దె, అమ్మాయి ఫీజు, బియ్యం, కరెంటు పోగా ఏమీ మిగలదని తెలిసి కూడా అనుకున్నాను. ఈమధ్య ఆవిడ చెప్పులు అరిగి, మడమ దగ్గర రబ్బరు ముక్క వేసి కుట్టి ఉండటం చూశాను. చూసి, పిసినారి అని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం సెలూన్ ముందుగానే మూసి, గొడుగు తీసుకుని ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ బయటికి రాగానే అడిగిన మొదటి మాట, "కొట్టు ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరు. పద, నడుద్దాం."

నాలుగు కిలోమీటర్లు. సన్నగా వాన. ఒక గొడుగు కింద ఇద్దరం పట్టక నా భుజం, ఆవిడ సంచి తడుస్తున్నాయి. బస్సు మా పక్కనుంచి పోయింది, డ్రైవరు చెయ్యి ఊపాడు. ఆవిడకి అర్థమైంది.

"వాడు చెప్పాడా?"

"నువ్వు చెప్పొచ్చుగా."

"చెబితే మీరు మానిపిస్తారు. నా వాటా కూడా మీరే వేస్తానంటారు. రెండు రోజులు వేస్తారు."

నిజమే. అచ్చం అలాగే చేసేవాణ్ణి. వంతెన ఎక్కాం. తర్వాత ఆవిడే మొదలుపెట్టింది, రోజూ చెప్పే మాటలా.

"మాకూ ఒకటుండేది. నాకు పదేళ్లప్పుడు. నాన్న ముచ్చటపడి తెచ్చాడు. ఏడాది దాకా ఒళ్లోంచి దించలేదు. తర్వాత దానికి చర్మం జబ్బు చేసింది. మందులు కొనలేకపోయాడు. ఒకరోజు బస్సెక్కించుకుని వెళ్లి, చివరి స్టాపులో దింపేసి వచ్చాడు."

నేను నడక ఆపాను. ఆవిడ ఆపలేదు. పరుగెత్తి గొడుగు పట్టాల్సి వచ్చింది.

"మూడో రోజు పొద్దున్నే గుమ్మంలో ఉంది. నడుచుకుంటూ వచ్చేసింది. మమ్మల్ని చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను. తోక ఊపుతూ నాన్న కాళ్ల దగ్గరికే వెళ్లింది ముందు."

"మరి?"

"ఈసారి ఇంకా దూరం వెళ్లే బస్సు ఎక్కించాడు."

వంతెన దిగాం. దీపాలు వెలుగుతున్నాయి. ఆవిడ సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "నాన్న చెడ్డవాడు కాదండీ. అచ్చం మీలాంటివాడే. ముందుగా లెక్క వేసుకోలేదు, అంతే."

రిజిస్టరు మాటకి క్షమించమని అడగాలనుకున్నాను. గొడుగు ఆవిడ వైపు జరిపాను. పొద్దున జేబులో పెట్టుకున్న గొలుసు నడుస్తుంటే గలగలలాడుతోంది. అది విని ఆవిడ నవ్వింది, మూడు వారాల్లో మొదటిసారి. "దాన్ని కూడా తీసుకొచ్చారా," అంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఎదురెళ్లాను.

రెండో విడత నలభయ్యో రోజు మధ్యాహ్నం బేకరీ పెద్దాయన బన్నుని చేతుల మీద మోసుకుంటూ సెలూన్‌లోకి వచ్చాడు. రెండ్రోజులుగా ఏమీ ముట్టలేదట. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, ఒళ్లు కాలిపోతోంది. నా కత్తెర చప్పుడుకి కూడా కన్ను తెరవలేదు.

"వారంలో కొట్టు మూసేస్తున్నా," అన్నాడాయన. "నా దగ్గరున్నదంతా ఇల్లు మార్చడానికి ఇచ్చేశా. కోళ్లఫారం వాడు జబ్బు కుక్క వద్దంటున్నాడు." ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చుని పిండి చేతులతో ముఖం కప్పుకున్నాడు.

నేను ఆస్పత్రికి ఫోన్ చేశాను. స్టోర్‌లో పని చేసే మనిషికి పని మధ్యలో ఫోన్ చేయడం ఇరవై ఏళ్లలో అదే మొదలు. నేను చెప్పింది ఆవిడ అడ్డు రాకుండా విని, "నడిపించకండి, డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకుని తీసుకెళ్లండి. నేను ఇంటికెళ్లి డబ్బా తీసుకుని అక్కడికే వస్తా," అంది. "బస్సులోనే వస్తాలెండి," అని కూడా అంది.

పశువుల డాక్టరమ్మ రక్తం తీసి చూసి, పిడుదుల నుంచి వచ్చే జ్వరం అంది. ఐదు రోజులు ఇక్కడే ఉంచాలి, సెలైన్, సూదులు, అన్నీ కలిపి ఏడు వేల ఆరొందలు. చెప్పి, మా ముఖాలు చూడకుండా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆ అంకె విన్నాక చాలామంది ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తామంటారని, మళ్లీ రారని డాక్టరమ్మే తర్వాత చెప్పింది.

మా ఆవిడ డబ్బా మూత తీసింది. యాభైలు, వందలు, పదుల కట్టలు రబ్బరు బ్యాండ్లతో. ఎనభై ఒక్క రోజులది, గంటకీ పరుపుకీ తీసి మళ్లీ వేసింది కూడా కలిపి, ఎనిమిది వేల వంద ఉంది. కుక్క మా ఇంట తినని తిండి అంతా అక్కడ ఉంది. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు, తొంభై రోజుల తిండి మిగిలితే అదే దాని వైద్యానికి పనికొస్తుందని. నాకు అప్పుడు తెలిసింది.

"రశీదు ఇప్పించండి," అంది లెక్కపెట్టి.

డాక్టరమ్మ ఒక కాగితం ముందుకు తోసింది. యజమాని పేరు అని ఉన్నచోట బేకరీ పెద్దాయన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా ఆవిడ ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది.

నా నోటికి తాళం ఉండదు కదా. "ఇంకా నలభై రోజులేగా అయింది," అన్నాను.

"లెక్క ఎందుకు పెట్టుకున్నామండీ? దీనికోసమే కదా," అని, తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

ఆరో రోజున బన్ను మా మెట్లు ఎక్కింది. గంట లేదు, ఆ బెల్టు దాని మెడకి పెద్దదైపోయింది. నీలం పరుపు వాసన చూసి, దాన్ని దాటుకుని వెళ్లి, ఆవిడ చెప్పుల మీద తల పెట్టి పడుకుంది. బేకరీ మూసిన రోజు పెద్దాయన మా ఇంటికొచ్చి, దాని పక్కన నేలమీద కూర్చుని చాలాసేపు ఉన్నాడు. వెళ్లేటప్పుడు మా ఆవిడకి నమస్కారం పెట్టాడు. ఆవిడ కంగారుపడి ఆయనకి మంచినీళ్లు తెచ్చింది.

ఆ సాయంత్రమే ఆవిడ పాత కార్డు బయటికి తీసింది. ఈసారి తిప్పకుండా, ముందు వైపే పెట్టుకుని కూర్చుంది. సరుకు పేరు అన్నచోట బన్ను అని రాసింది. తేదీ వేసింది. 'వచ్చింది' అన్న గడిలో ఒకటి వేసింది. 'ఉన్నది' అన్న గడిలో ఒకటి వేసింది. తర్వాత మా అమ్మాయి పెట్టెలోంచి స్కేలు, ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, 'ఇచ్చింది' అన్న గడిని పైనుంచి కింది దాకా, కార్డు చివరంటా, ఒక్క గీతతో కొట్టేసింది.

"అదేంటమ్మా, అది ఎందుకు కొట్టేశావ్?" అంది మా అమ్మాయి.

"దీనికి ఆ గడి అక్కర్లేదు," అంది.

నేను లేచి వెళ్లి, గోడకి మేకు కొట్టి, గొలుసు పక్కన ఆ కార్డు తగిలించాను.